గొడుగులోంచి ఫొటో

అదేనండీ, మీ ఇంట్లో చంటిపిల్లల ఫొటో ఏదైనా ఉంటే ఒకసారి తీసి చూడండి, వాళ్ళు ఎటు చూస్తున్నారో. మనం నవ్వు చూస్తాం, చొక్కా చూస్తాం. చూపు ఎటుందో పట్టించుకోం. మా రెప్పక్క మాత్రం ముందు అదే చూస్తుంది.

ఆవిడకి అసలు పేరు వేరే ఉంది, కానీ దాంతో పిలిస్తే తనే పలకదు. ఫొటో తీసే ముందు ఎవరితోనైనా సరే "రెప్పెయ్యకు" అంటుంది కాబట్టి ఈ పేరు స్థిరపడిపోయింది. ఆవిడ స్టూడియో, నా కుట్టు షాపు పక్కపక్కనే. మధ్యలో ఉన్నది చెక్క గోడ. అటు ఆవిడ తుమ్మితే ఇటు నా దారం తెగుతుంది.

ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ తీసేవి ఎక్కువగా పసిపిల్లల పాస్‌పోర్టు సైజు ఫొటోలే. పీట మీద కూర్చోబెడుతుంది, గిలక్కాయ ఊపుతుంది, పేరు పెట్టి పిలుస్తుంది. ఒకప్పుడు ఒక పసివాడు ఎంత పిలిచినా చూడకపోతే, "మొండిఘటాన్ని కన్నావమ్మా" అని తల్లి మొహం మీదే అనేసిందట. ఐదేళ్ళ తర్వాత ఆ తల్లే వాణ్ణి తీసుకుని మళ్ళీ ఫొటోకి వచ్చింది. వాడికి ఆటిజం అని ఆ నెలలోనే తెలిసిందట. "ఇన్నాళ్ళూ నేనూ మొండితనమే అనుకున్నానక్కా" అందట. ఆ మాట మా రెప్పక్కకి ముల్లులా దిగబడింది. అప్పటినుంచి ఫొటో కవరు వెనకాల పెన్సిలుతో రాసుకుంటుంది: అమ్మ వైపు, గిలక్కాయ వైపు, ఫ్యాను వైపు. ఇదేం పిచ్చి అని నేను వేళాకోళం చేస్తే, ఒక్కో పిల్ల ఒక్కోటి చూస్తుంది, ఎందుకో తెలుసుకోవద్దూ అనేది.

మొన్నామధ్య బేకరీలో పనిచేసే అమ్మాయి తన రెండేళ్ళ పాపని తీసుకొచ్చింది. తను పనిలో ఉన్నంతసేపూ పాపని చూసుకునే చోట ఇవ్వాల్సిన ఫారానికి ఫొటో కావాలట. వెంట అత్తగారు. గిలక్కాయ మోగితే పాప చటుక్కున తిరిగింది. పేరు పెట్టి ఆరుసార్లు పిలిస్తే ఒక్కసారీ తిరగలేదు. లైటుకి తగిలించిన తెల్ల గొడుగు ఊచల వంక చూస్తూ కూర్చుంది.

"సిగ్గరిదమ్మా, ఆడపిల్ల కదా" అంది అత్తగారు. "దీని నాన్న కూడా నాలుగేళ్ళకి గానీ నోరు విప్పలేదు. ఇప్పుడు మూయమన్నా మూయడు."

రెప్పక్క నవ్వింది. కవరు వెనకాల రాస్తూ నెమ్మదిగా అంది: "సిగ్గుపడాలంటే, మనం చూస్తున్నామని ముందు దానికి తెలియాలి కదా పిన్నిగారూ. ఇది మన దగ్గరికే రాలేదు. గొడుగు దగ్గరే ఉంది."

పాప జుట్టు దువ్వుతున్న తల్లి చెయ్యి ఆగిపోయింది. అదే మాట ఇంట్లో అనబోయి ఎన్నిసార్లు మింగిందో ఆ అమ్మాయి తర్వాత నాతో చెప్పుకుంది.

తను డాక్టర్ని కాదనీ, ఏమీ లేదంటే సంతోషమేననీ చెప్పి, రెప్పక్క వాళ్ళని పెద్దరోడ్డు మీది పిల్లల ఆసుపత్రికి పంపింది. అక్కడ గురువారాలు చిన్నపిల్లల ఆటా మాటా చూసి చెబుతారు. కానీ వరస ఐదు నెలలు. ఎవరైనా రావడం లేదంటే మాత్రం, ఆ గురువారం ఖాళీని ఫారం సిద్ధంగా ఉన్నవాళ్ళకి ఇస్తారు. అదృష్టం కొద్దీ ఆ వారమే ఒక ఖాళీ పడింది. బుధవారం మధ్యాహ్నం పన్నెండు లోపు ఫారం ఇవ్వాలి. ఈ అమ్మాయి రెప్పక్క తీసిన ఫొటోనే అంటించి, పరుగున వెళ్ళి ముందే ఇచ్చింది. ఇచ్చిన ఫారం తిరిగొచ్చింది. ఎందుకో తెలుసా? ఫొటోలో పాప నేరుగా చూడటం లేదట! బోర్డు చదవలేకపోయావని కళ్ళ డాక్టరు గుమ్మంలోంచే పంపేసినట్టుంది.

బుధవారం పొద్దున్నే అత్తా కోడళ్ళు మళ్ళీ స్టూడియోలో ఉన్నారు. అత్తగారు పిల్లిలా అరిచింది, కోడలు చప్పట్లు కొట్టింది. నలభై ఫొటోలు తీస్తే నలభైలోనూ చెవో, బుగ్గో, నడినెత్తో. పదకొండయింది.

"పోనీలే, ఐదు నెలలేగా" అంది అత్తగారు.

"దానికున్నదే రెండేళ్ళు అత్తయ్యా. అందులో ఐదు నెలలంటే తక్కువా?"

రెప్పక్క చెక్క గోడ మీద కొట్టి నన్ను కత్తెర తెమ్మంది. నేను వెళ్ళేసరికి నేల మీద చతికిలబడి, పాప ఎత్తుకి తల దించి, పాప చూస్తున్నదే తనూ చూస్తోంది. ఊచలన్నీ కలిసే చోటు. "ఇక్కణ్ణుంచి భలే ఉందే, చక్రంలా" అంది. అని, ఆ చోటుకి ఆనుకుని గుడ్డని గుండ్రంగా కోసెయ్యమంది. బంగారంలాంటి గొడుగు, నాకు చెయ్యి రాలేదు. లాక్కుని తనే కోసేసింది.

ఆ చిల్లులోంచి కెమెరా కన్ను బయటికి పెట్టింది. నన్ను గొడుగు కొంచెం కొంచెంగా ఊపమంది. ఈసారి పేరు పిలవలేదు, గిలక్కాయ లేదు. పాప ముందుకి వంగింది. ఊచల మీదుగా చూపు మెల్లగా జరుపుకుంటూ వచ్చి, సూటిగా ఆ కంట్లోకి చూసింది. రెప్పెయ్యకు అనడం రెప్పక్క మర్చిపోయింది. పాప వెయ్యనూ లేదు.

పావు తక్కువ పన్నెండుకి ఫారం చేరింది. గురువారం పాపని చూశారు, ఇంకో రెండుసార్లు పిలిచి చాలాసేపు ఆడించారు, ఆటిజమే అన్నారు. అత్తగారు డాక్టరమ్మని ఒక్కటే అడిగిందట, ఇంట్లో ఒక గొడుగు తెరిచి ఉంచొచ్చా అని. ఇప్పుడు వారానికి రెండుసార్లు ఆటలు నేర్పే చోటుకి పాపని తీసుకెళ్ళేది ఆవిడే. పిలిచే ముందు పాప ఎదురుగా వెళ్ళి కూర్చుంటుంది. పాప ఒక్కోసారి చూస్తుంది, ఒక్కోసారి చూడదు.

ఇక మిగిలింది గొడుగు. జానెడు తెల్ల గుడ్డ తెస్తే అతుకు వేసిస్తానని కొలత చీటీ రాసిచ్చాను. రెప్పక్క బట్టల షాపుకనే బయల్దేరింది. దారిలో ఆసుపత్రి ఉంది కదా, లోపలికి వెళ్ళింది, ఫారంలో ఆ నేరుగా చూడాలన్న లైను కొట్టెయ్యమని అడగడానికి. ఫారాలు చూసే పెద్దాయన సెలవులో ఉన్నారు, రేపు రమ్మన్నారట. మర్నాడు మీటింగట. మొన్న మూడోసారి వెళ్ళి, పాప చెవి, బుగ్గ, నడినెత్తి ఉన్న ఫొటోలన్నీ ఆయన బల్ల మీద పరిచి వచ్చింది. చూసి చెబుతానన్నారట.

వెళ్ళిన ప్రతిసారీ గుడ్డ సంగతి మర్చిపోయి ఒట్టి చేతులతోనే వచ్చింది. కొలత చీటీ ఇంకా ఆవిడ కెమెరా సంచిలోనే ఉంది.