ఎండుచేపల తడిక మీద బొమ్మజెముడు

కరోనా తగ్గుముఖం పట్టాక వచ్చిన వేసవిలో, మార్చి నెలలో, ఫరంపేట డ్రైను పనికి అడ్డంగా ఉన్న చెట్టుని చూసి రమ్మని నాకు ఉత్తర్వు వచ్చింది. అప్పటికి నేను యానాంలో తోటల అధికారిని. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుంది. హోదా పెద్దదేం కాదు. నా పైన డిప్యూటీ డైరెక్టరు, నా కింద ఇద్దరు తోటమాలీలు. రోడ్డుకో కాలవకో చెట్టు అడ్డం వస్తే దాన్ని కొట్టెయ్యాలా, తీసి మరోచోట నాటాలా అన్నది చూసి రాసిచ్చే బాధ్యత నాది. దాన్ని తనిఖీ రిపోర్టు అంటాం. నిజం చెప్పాలంటే ఎక్కువ రిపోర్టుల్లో 'కొట్టవచ్చును' అనే రాసేదాన్ని. పెద్ద చెట్టుని కదపడం మహా శ్రమ, పైగా కదిపినవన్నీ బతకవు.

ఈసారి అడ్డం వచ్చింది బొమ్మజెముడు. దీన్ని చాలామంది కాక్టస్ అనేస్తారు. కాదు. గోరు గుచ్చితే తెల్లగా పాలు కారతాయి, కాక్టస్‌కి ఆ పాలుండవు. ఆ పాలు కంట్లో పడితే ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే. మూడు పలకలుగా, అంచుల్లో జంట ముళ్ళతో, కొమ్మలన్నీ పైకే చూస్తూ పెరుగుతుంది. ఆకులు వానాకాలంలో చిన్నచిన్నవి వచ్చి రాలిపోతాయి. నీళ్ళన్నీ కండలో దాచుకుంటుంది. ఫరంపేటలో ఉన్నది రెండు నిలువుల ఎత్తు. అడుగున మాను కట్టి, పైన మూడు పెద్ద చేతులు వేసి, నేను అంతవరకూ చూడనంత ఒద్దికగా ఉంది. చూడగానే ముచ్చటేసింది.

అది సత్తెమ్మ ఇంటి మూల ఉంది. సత్తెమ్మ అరవై దాటిన మనిషి, ఎండుచేపలు అమ్ముతుంది. ఆవిడ చిన్నప్పుడు వాళ్ళ పెద్దన్న గోదాట్లో పడవ మీద ఉండగా పిడుగు పడి పోయాడు. ఆ ఏడాదే వాళ్ళ నాన్న మూరెడు జెముడు కొమ్మ తెచ్చి ఇంటి మూల పాతాడు. జెముడు ఉన్న చోట పిడుగు పడదని మా వైపు నమ్మకం. ఇప్పటికీ మేడల మీద కుండీల్లో పెట్టుకునేవాళ్ళున్నారు. పిడుగుని ఏ మొక్కా ఆపదనీ, ఉరిమినప్పుడు చెట్టు కింద నిలబడకూడదనీ నేను ఆవిడకి చెప్పాను. సరేనంది గాని నమ్మలేదు. ఆవిడ పెళ్ళయ్యాక భర్త ఇల్లరికం వచ్చాడు, ఆయన పోయాడు, కూతురు అడవిపొలం అనే ఊళ్ళో కాపురముంటోంది. ఆ ఇంట్లో ఆవిడకి అన్న గుర్తుగా మిగిలింది ఆ చెట్టొక్కటే. ఫొటో కూడా లేదు.

అలాగని డ్రైను వద్దనలేదు. ఏటా వానలకి ఆ వీధి వీధంతా మోకాలి లోతు నీళ్ళలో ఉంటుంది, అందులో ఆవిడ ఇల్లు కూడా ఉంటుంది. పనుల ఇంజనీరు వారం గడువిచ్చాడు. నేను అక్కడే నిలబడి చెట్టుని కదుపుతానని మాటిచ్చేశాను. ఆఫీసులో కూర్చుని రాసుంటే అంత తొందరపడేదాన్ని కాదేమో. సత్తెమ్మ నన్ను ఎగాదిగా చూసి, "మీరు బతికిత్తానంటే తీసుకెళ్ళండి. ఒక్క కొమ్మ మాత్రం కొయ్యకూడదు" అంది.

ఆ షరతు నా వృత్తికి విరుద్ధం. ఇలాంటి చెట్టుని కదిపే ముందు రెండు మూడు కొమ్మలు కోసి విడిగా నాటుకుంటాం. తల్లి పోయినా పిల్లలుంటాయి. కానీ మాటిచ్చేశానుగా, ఒప్పుకున్నాను.

కదిపిన విధానం చెప్తాను, ఎందుకంటే అందులో వంక పెట్టడానికి లేదు. ముందు ఉత్తరం వైపు కాండం పొడుగునా సున్నం గుర్తు పెట్టాం. జెముడుకి దక్షిణం వైపు చర్మం ఎండకి కాకలు తీరి ఉంటుంది, ఉత్తరం వైపుది లేతగా ఉంటుంది. తిప్పి పాతితే లేత వైపు మాడిపోతుంది. తరవాత మా పెద్ద తోటమాలి అప్పారావు కొమ్మలకి గోనెలు చుట్టి, వాటి మీద పాత వలలు బిగించాడు. అప్పారావు నాతో ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషి, మాట తక్కువ. వీధిలోని మగవాళ్ళు పడవని ఒడ్డుకి మోసినట్టే వెదుళ్ళ మీద దాన్ని మోసుకెళ్ళి, వీధి చివర వలలు అల్లుకునే షెడ్డు పక్కన దించారు. యానాంలో రెండు గునపాల లోతు తవ్వితే నీళ్ళూరతాయి. అందుకని మోకాలెత్తు దిబ్బ వేయించి, ఇసక, ఇటికముక్కలు కలిపి నాటించాను. ఒక్క ముల్లు కూడా విరగలేదు.

నాటాక వీధి ఆడవాళ్ళందరినీ పిలిచి, నెల్లాళ్ళు చుక్క నీళ్ళు పొయ్యకండని చెప్పాను. కదిపినప్పుడు తెగిన వేళ్ళ గాయాలు ఆరాలి, తడి తగిలితే కుళ్ళుతాయి. వాళ్ళ మొహాలు చూస్తే ఎక్కినట్టు లేదు. గోదావరి పక్కన పుట్టినవాళ్ళం, మొక్కకి మంచి చెయ్యడమంటే మాకు నీళ్ళు పొయ్యడమే. "మీ గుమ్మాలకి కలబంద తలకిందులుగా కట్టుకున్నారు, దానికి పోస్తున్నారా? ఏళ్ళ తరబడి బతకట్లేదూ?" అన్నాను, గొప్ప ఉదాహరణ చెప్పానని మురిసిపోతూ. సత్తెమ్మ వెంటనే, "అది కట్టిందండి, ఇది పాతింది. పాతినదానికి పొయ్యకపోతే ఎలాగండి?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వేసి, చెప్పింది చెయ్యండి చాలు అని వచ్చేశాను.

మూడు వారాలకి వెళ్ళి చూస్తే అడుగు పసుపురంగుకి తిరిగి ఉంది. వేలు పెట్టి నొక్కితే మిగలముగ్గిన అరటిపండులా లోపలికి దిగింది. దిబ్బ తడిగా ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. రోజూ వచ్చి చూసే బాధ్యత అప్పారావుది గనక, నలుగురిలో అతన్ని పట్టుకుని నోటికొచ్చినట్టు తిట్టాను. ఇరవై ఏళ్ళ సర్వీసు నీళ్ళపాలు చేశావన్నాను. అతను "నేను పొయ్యలేదండి" అన్నాడంతే, తలెత్తలేదు.

సత్తెమ్మ చేతులకంటిన చేప పొలుసులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. "ఆయన్ననకండి. పోసింది నేనండి. ముడుచుకుపోతా ఉంటే సూడలేకపోయేను. ఈయన రాకముందే తెల్లారగట్ట ఓ బిందెడు పోసేత్తన్నాను" అంది. నేను అప్పారావు వైపు తిరిగి, అదే నలుగురిలో, తప్పు నాదే, క్షమించమన్నాను. అలా అనడం నాకు అలవాటు లేదు. అతన్ని తిట్టిన సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

ఇక మిగిలింది కొయ్యడమే. సత్తెమ్మ దిబ్బ పక్కన నేల మీద కూలబడి, చచ్చిపోయినట్టేనా అని అడిగింది. అడుగు పోయింది, కుళ్ళు పైకి ఎంతవరకూ ఎక్కిందో కోస్తే గాని తెలీదని ఉన్నమాట చెప్పాను. ఒక్క కొమ్మ కొయ్యొద్దన్న మనిషే, "కొయ్యండి" అంది.

అప్పారావు కళ్ళద్దాలు, తొడుగులు వేసుకున్నాడు. రంపాన్ని ప్రతి కోతకీ స్పిరిటుతో తుడవాలి, లేకపోతే కుళ్ళుని మనమే పైకి ఎక్కించినట్టవుతుంది. మోకాలి దగ్గర కోస్తే లోపల గోధుమరంగు వలయం కనిపించింది. జానెడు పైన కోస్తే అదే. ఇంకో జానెడు, ఇంకా ఉంది, సన్నగా. నడుం దాటి, కాండం పచ్చగా పలకలు తేలిన చోట నాలుగో కోత వేశాడు. పాలు బొటబొటా కారాయి. కడిగి చూస్తే సొరకాయ ముక్కలా తెల్లగా ఉంది. నాకు ఊపిరొచ్చింది. రెండు నిలువుల చెట్టు నిలువున్నరకి దిగింది, మూడు చేతులూ మాత్రం దక్కాయి.

కోసిన మొదలు గట్టిగా పొలుసు కట్టేవరకూ నీడలో, గాలికి ఆరాలి. పెద్ద కోతకి నెల కూడా పట్టొచ్చు. మా ఆఫీసు షెడ్డులో గాలాడదు, మొక్కలు పెంచే నీడపందిరిలో తేమ. ఎక్కడ పెట్టాలా అని అప్పారావూ నేనూ తర్జనభర్జన పడుతుంటే సత్తెమ్మ లేచి నిలబడింది. "ఆరబెట్టడమే కదండి? ఆ మాట ముందే సెప్పొచ్చు కదా" అంది.

ఆవిడ పెరట్లో చేపలు ఆరబెట్టే వెదురు తడికలు, రాటల మీద నడుమెత్తులో వరసగా ఉన్నాయి. ఒక వరస ఖాళీ చేసి, పైన తాటాకులు కప్పి నీడ చేసి, చెట్టుని పడుకోబెట్టించింది. ఉప్పు రాద్దామా అని అడిగింది. వద్దు తల్లీ, బూడిద చాలు అన్నాను. పొయ్యిలో బూడిద జల్లెడ పట్టి తనే అద్దింది. ఆ రోజు నుంచి అది ఆవిడ పని. రోజూ పొద్దున్న ఒక పక్కకి, సాయంత్రం ఇంకో పక్కకి పొర్లించేది, ఒకే పక్క ఉంటే వంగిపోతుందని. గాలి మళ్ళినప్పుడల్లా కోసిన మొదలుని గాలి వైపు తిప్పేది. ఇవేవీ నేను చెప్పలేదు, నేను చదివిన పుస్తకాల్లోనూ ఇంత వివరంగా లేవు. నీళ్ళ మాటే ఎత్తలేదు. చేపల తడిక మీద ఉన్నదాన్ని తడపాలన్న ఊహే ఆవిడకి రాదు.

ఇరవయ్యో రోజున వెళ్ళి చూశాను. కోత తోలులా గట్టిపడింది. రేపు నాటేద్దామన్నాను. సత్తెమ్మ బొటనవేలితో మధ్యలో నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, అడ్డంగా తలూపింది. "పైన ఎండిందండి, లోన ఎండలేదు. ఇలాంటి సేప బస్తాలో పెడితే నాలుగు రోజుల్లో పురుగట్టేత్తది" అంది. నాకు కొంచెం పొడుచుకొచ్చింది. డిగ్రీ నాది, సంతకం నాది. చాకు మొన ఆనించి చూశాను. గట్టి పొర కింద తడి తగిలింది. ఆ రోజు నేను నాటి ఉంటే రెండోసారి కుళ్ళేది, మూడో అవకాశం ఉండేది కాదు. ఎప్పుడు నాటాలో నువ్వే చెప్పమన్నాను. ఇంకో తొమ్మిది రోజులు ఆపింది. రిపోర్టులో మాత్రం 'స్థానికుల సహకారంతో' అని రాశాను, అంతకంటే రాయడానికి ఆ ఫారంలో చోటు లేదు.

మే నెలాఖరున అదే దిబ్బని కొత్త ఇసకతో ఎత్తు పెంచి, సున్నం గుర్తు ఉత్తరానికే ఉంచి, వెదుళ్ళ ఊతంతో నిలబెట్టాం. శ్రావణంలో అప్పారావు ఆఫీసుకొచ్చి, సత్తెమ్మ రమ్మంటోందన్నాడు. వెళ్ళేసరికి మూడు చేతుల అంచులమ్మటా చిన్నచిన్న ఆకులున్నాయి, గోరంతవి. సత్తెమ్మ కాండాన్ని గోనెగుడ్డతో పట్టుకుని లాగి చూపించింది. కదల్లేదు, వేళ్ళు పట్టింది. ఆవిడ కళ్ళు నిండాయి గాని, మాట మాత్రం మామూలుగానే, "మీరు నాటేద్దామన్న రోజున నాటుంటే ఏమయ్యేదండి?" అంది. పోయేదన్నాను. అప్పారావు నవ్వడం నేను ఆ ఒక్కరోజే చూశాను. ఎన్నో తోటలు వేయించాను, సర్టిఫికెట్లు కూడా ఇచ్చారు. ఈ చెట్టు పక్కన నిలబడ్డప్పుడు కలిగినంత గర్వం నాకు ఏ తోటలోనూ కలగలేదు. అది ముగ్గురం కలిసి బతికించిన చెట్టు.

రిటైరయ్యేలోపు మేడల మీద ఎడారిగులాబీలూ జెముళ్ళూ పెంచుకునేవాళ్ళు చాలామంది సలహాకి వచ్చారు. ఎవరికీ నీళ్ళు పొయ్యొద్దని చెప్పలేదు. రోజూ బొటనవేలితో నొక్కి చూడండి, మట్టిలో వేలు పెట్టి తడి చూడండి, వారానికోసారి వచ్చి నాకు చెప్పండి అన్నాను. ప్రాణంగా పెంచుకునే మనిషికి ఏమీ చెయ్యకుండా ఊరుకోమనడం సలహా కాదు, ఆ చేతులకి చేతనైన పని ఒకటి అప్పజెప్పడం సలహా. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. నాటిన మొదటి రోజే సత్తెమ్మకి అలాంటి పనొకటి అప్పజెప్పి ఉంటే, ఆ చెట్టు ఇవాళ వాళ్ళ నాన్న పాతిన మొదలు మీదే ఉండేది.