రెండో వరుస

నీలగిరి తైలం వాసనొస్తే మొఘల్‌పురా ఇంట్ల జ్వరంతోని పన్న మా బాపమ్మ యాదికొస్తది.

మా లూథరన్ చర్చిల, బడిల పాత కీర్తనలు మళ్ల నాలుగు వరుసలల్ల, ఒక్కో గుంపుతోని ఒక్కో బాణీల, కలిపి పాడియ్యాలని బాపు తండ్లాట. పుస్తకాలు చెదలు తిన్నయి. రెండో వరుస బాపమ్మకొక్కదానికే నోటికొచ్చు. ఆమె పాడుతుంటే బాపు రాసుకుంటుండె. దగ్గొచ్చి ఆగితే, "ఇంకొక్క లైనే అమ్మా, గంతే," అని చేతులు పట్టుకుంటుండె. పాటే ఆమె పాణం తీస్తున్నదని నాకు కోపం.

ఒక కీర్తనల ఆఖరి లైను మిగిలిన నాడు గడపకు అడ్డం నిలబడిన.

"పన్నది బాపూ, లేపకు."

లోపల బాపమ్మ కండ్లు తెరుచుకొని వాకిలి దిక్కే చూస్తున్నది. బాపు వెనక్కి మళ్లిండు. పొద్దుగూకకముందే ఆమె పోయింది.

ఇప్పుడు చర్చిల ఆ కీర్తన ఆఖరి లైనుకు రెండో వరుస పాడే పిల్లలు నోరు మూసుకొని నిలబడ్తరు. ఎందుకని అడిగితే, చెదలు తిన్నయని చెప్త.