గిన్నె ఖాళీగా పంపకూడదు

బిందుమాధవికి కుదురు లేదు. ఈ మాట ఆవిడ పుట్టిన రేపల్లెలో వాళ్ళమ్మ అన్నది, ఎనిమిదేళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన బాపట్ల బళ్ళో హెడ్మాస్టరు అన్నాడు, ఇప్పుడు తెనాలిలో మొగుడు సాంబశివరావు రోజూ అంటున్నాడు. ఆవిడ అన్నం నిలబడి తింటుంది. రేపల్లె పాసింజరులో సీటు దొరికినా తలుపు దగ్గరే నిలబడుతుంది. నలభై ఏళ్ళొచ్చాయి గానీ, ఈ మూడూళ్ళ మధ్య తిరగడం తప్ప ఇంకో ఊళ్ళో పట్టుమని పది రోజులు ఉన్న పాపాన పోలేదు. అలాంటి మనిషికి దేవుడు చూసి చూసి ఒక ఉద్యోగం ఇచ్చాడు. ఇంగ్లండుకి కాపురానికొచ్చిన అమెరికా వాళ్ళకి ఇంగ్లండులో ఎలా బతకాలో చెప్పే ఉద్యోగం!

నవ్వకండి. పెద్ద కంపెనీలు తమ మనుషుల్ని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి మారుస్తుంటాయి. ఆ కుటుంబం కొత్త చోట తికమకపడకుండా బడి ఎక్కడ, డాక్టరు ఎక్కడ, కరెంటు బిల్లు ఎలా కట్టాలి అన్నీ ఫోనులో చెప్పడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి ఇంగ్లండులోనే ఉండాలని ఏముంది? హైదరాబాదు ఆఫీసు వాళ్ళు వివరాలన్నీ కంప్యూటర్లో ఎక్కించి పెట్టారు. మధ్యాహ్నం రెండున్నరకి, అంటే అక్కడ పొద్దున్న తొమ్మిదికి, తెనాలి గంగానమ్మపేటలోని అద్దింట్లో చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని బిందుమాధవి ఇంగ్లండులో అడుగుపెట్టేది. మాట్లాడుతూ హాలు నుంచి వంటింటికి, వంటింటి నుంచి వసారాలోకి నడుస్తూనే ఉండేది. ఆవిడ కాళ్ళకి నచ్చిన ఉద్యోగం ఇదొక్కటే.

ఆగస్టులో ఆవిడ వంతుకి వచ్చింది క్యారీ వాళ్ళ కుటుంబం. అమెరికాలో ఒహాయో రాష్ట్రం వాళ్ళు. మొగుడు డేవ్, ఏడేళ్ళ కూతురు ఎమిలీ. ఇంగ్లండులో ఒక చిన్న ఊళ్ళో, గోడకి గోడ ఆనుకున్న వరసిళ్ళలో ఒకటి అద్దెకి తీసుకున్నారు. అక్కడా ఇంగ్లీషే, ఇక్కడా ఇంగ్లీషే, ఇంక కష్టమేముందని డేవ్ ధీమాగా దిగాడు. దిగాక తెలిసింది. బట్టలుతికే మిషను వంటింట్లో ఉంది. స్నానాలగదిలో లైటుకి స్విచ్చు లేదు, తాడు లాగాలి. వాష్‌బేసిన్‌కి రెండు కుళాయిలు, ఒకదాని కింద చెయ్యి పెడితే బొబ్బలెక్కుతుంది, రెండోదాని కింద కొయ్యబారిపోతుంది. ఫ్రిజ్జు నడుం ఎత్తుకి మించదు. నల్ల చెత్తడబ్బా ఒక మంగళవారం, ఆకుపచ్చది మరుసటి మంగళవారం బయట పెట్టాలి. తారుమారైతే అలాగే వదిలేసి పోతారు.

"ఈ వారం ఏ రంగు, బిందూ?" అని క్యారీ అడిగేది. మాటలన్నీ ఇంగ్లీషులోనే లెండి, మనం తెలుగులో చెప్పుకుందాం. బిందుమాధవి టక్కున చెప్పేది. సొంత సందులోకి చెత్తబండి ఎప్పుడొస్తుందో మాత్రం ఆవిడకి తెలీదు. అది మలుపు తిరిగాక సంచీ పట్టుకుని వెనకాల పరిగెత్తేది.

క్యారీ అసలు బాధ కుళాయిలు కాదు. పది వారాలైనా ఆ వీధిలో ఒక్కరూ వాళ్ళ తలుపు తట్టలేదు. బిందుమాధవికి ఇది మింగుడుపడలేదు. తెనాలిలో ఎవరైనా ఇల్లు మారితే లారీలోంచి సామాను దించుతుండగానే "మీదే ఊరమ్మా, పిల్లలెంతమంది" అని ముగ్గురొస్తారు. కాస్త ఊపిరి తీసుకోనివ్వరని ఆవిడే విసుక్కునేది. ఇప్పుడు క్యారీ గొంతులో దిగులు వింటుంటే ఆ ముగ్గుర్నీ విమానం ఎక్కించి పంపాలనిపించేది.

అక్టోబరులో ఒకరోజు క్యారీ కేరింతలు కొట్టినంత పని చేసింది. పక్కింటి మిసెస్ హోల్ట్, డెబ్భై ఏళ్ళు దాటిన ఒంటరి మనిషి, ఆపిల్ పళ్ళతో ఏదో తీపి వండి, నీలం పువ్వుల పింగాణీ గిన్నెలో తెచ్చి ఇచ్చి వెళ్ళిందట.

"గిన్నె కడిగేశాను. ఇప్పుడే వెళ్ళి ఇచ్చేయనా?" అంది.

అక్కడే బిందుమాధవి కాలు జారింది. కంప్యూటర్లో గిన్నెల గురించి ఏమీ లేదు. లేనప్పుడు 'కనుక్కుని చెప్తాను' అనాలని ఆఫీసు రూలు. కానీ పక్కింటి గిన్నె గురించి కనుక్కోవాల్సిందేముంది?

"అయ్యో, ఖాళీ గిన్నె ఎవరైనా ఇస్తారా? ఏదైనా చేసి, అందులో పెట్టి ఇవ్వు" అనేసింది.

క్యారీకి ఆ పద్ధతి ఎంత నచ్చిందో! చెత్తడబ్బాల సంగతి చెప్పిన నోరే గిన్నె సంగతి కూడా చెప్పింది కాబట్టి, అది ఇంగ్లండు పద్ధతే అనుకుంది. బిందు ఎక్కడి నుంచి మాట్లాడుతోందో ఎప్పుడూ అడగలేదు. వాళ్ళ నాయనమ్మ చేసే గుమ్మడికాయ 'పై' అనే తీపి రొట్టె చేస్తానంది. అక్కడి పొయ్యి మీద అంకెలు వేరు, కొలతలు వేరు. మొదటిది మాడిపోయింది. రెండోది లోపల పచ్చిగా ఉండిపోయింది. తర్వాత ఎమిలీకి జ్వరం. ఆ తర్వాత డేవ్ ఊళ్ళో లేడు. అలా నాలుగు వారాలు గడిచాయి. మిసెస్ హోల్ట్ గేటు దగ్గర కనపడి ఏదో అనబోయి ఆగేది. తర్వాత గుడ్ మార్నింగ్ కూడా మానేసింది.

నవంబరులో ఒక గురువారం రెండున్నరకి ఫోను తీయగానే ఏడుపు వినపడింది. తలుపు కింద నుంచి ఎవరో చీటీ తోశారట. క్యారీ చదివింది. "నా గిన్నెతో పని అయిపోయి ఉంటే మెట్టు మీద పెట్టండి. తలుపు తట్టనక్కర్లేదు. అది మా అమ్మ గిన్నె."

"మమ్మల్ని దొంగలనుకుంటోంది బిందూ. మీ పద్ధతి ప్రకారమే చేశాను కదా, ఎందుకింత కోపం? ఈ మనుషులు నాకు ఎప్పటికీ అర్థం కారు. రాత్రి డేవ్‌తో చెప్పేశాను. వెళ్ళిపోదాం అని. గిన్నె మెట్టు మీద పెట్టేసి వెళ్ళిపోతాం."

'మీ పద్ధతి' అన్న మాట బిందుమాధవి గుండెలో గుచ్చుకుంది. అది ఇంగ్లండు పద్ధతి కాదు తల్లీ, మా తెనాలిది అని చెప్పాలి. కానీ "నేను మళ్ళీ చేస్తాను" అని పెట్టేసింది.

పది నిమిషాల్లో హైదరాబాదు నుంచి ఫోను. ఆవిడ పై ఆఫీసరు జగన్నాథరావు.

"బిందుగారూ, ఆ ఒహాయో వాళ్ళు వెళ్ళిపోతామని కంపెనీకి చెప్పారంట కదండి. అయిదింటికల్లా రిపోర్టు పంపించండి. కారణం అన్నచోట వాతావరణం అని రాసెయ్యండి. వాన, చలి, చీకటి. అందరూ అదే రాస్తారు, ఎవరి మీదకీ రాదు."

"వేరే కారణమైతేనండి?"

"ఏంటి, మనవైపు నుంచి ఏదైనా పొరపాటు జరిగిందా? మొన్న విశాఖలో ఒకావిడ సొంత తెలివి చూపించి సలహా ఇచ్చిందండి. మర్నాటికల్లా తీసేశారు. నేను కూడా ఏం చెయ్యలేకపోయాను."

"లేదండి. ఏం లేదండి" అంది బిందుమాధవి.

ఫోను పెట్టేశాక కాలుకాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. నిజం చెప్తే ఉద్యోగం పోతుంది. పోతే మళ్ళీ ఏ బళ్ళోనో చేరి బాపట్ల రైలు పట్టుకుని పోవడం, అవే పాఠాలు, అవే మూడూళ్ళు. ఈ మూడు నెలలూ ఆ వరసిళ్ళ వీధిలో తనూ కాపురం చేసినట్టే ఉంది. అది పోతుందంటే ఏడుపొచ్చింది. పోనీ నోరు మూసుకుంటే? వాన మీదకి నెట్టెయ్యొచ్చు, వాన ఎలాగూ తిరగబడి మాట్లాడదు. కానీ ఆ క్యారీ, తన మాట నమ్మినందుకు దొంగ అనిపించుకుని ఇల్లు ఖాళీ చేసిపోతుంది. జీవితాంతం ఇంగ్లండు వాళ్ళని తిట్టుకుంటుంది, తప్పు గంగానమ్మపేటలో ఉందని తెలీకుండానే.

కాఫీ పెట్టుకుందామని వంటింట్లోకి పోయి, పొడి డబ్బా కోసం పై అర మీద చెయ్యి పెట్టింది. చేతికి స్టీలు గిన్నె తగిలింది. తీసి చూస్తే అంచు మీద చుక్కలతో చెక్కిన పేరు. వి. అనంతలక్ష్మి.

ఎదురింటి పిన్నిగారి గిన్నె. రెండేళ్ళ కిందట వీళ్ళు ఈ ఇంట్లో దిగిన రోజు పులిహోర పెట్టి పంపింది. మంచిదేదైనా చేసి తిరిగిద్దాం అనుకుంది బిందుమాధవి. అరిసెలన్నా చెయ్యాలి, ఉత్త కూర పెడితే ఏం బాగుంటుంది అనుకుంది. ఈలోపు ఉద్యోగం వచ్చింది. వారం నెలైంది, నెల సంవత్సరమైంది. ఆ తర్వాత ఇవ్వడానికి మొహం చెల్లక, పిన్నిగారు వరండాలో కనపడితే చెవి దగ్గర ఫోను పెట్టుకుని చకచకా నడిచిపోవడం అలవాటైంది. ఆవిడ ఎప్పుడూ అడగలేదు. అడగాల్సిన పనేముంది? పేరు కొట్టించిన గిన్నె ఏ ఇంట్లో ఉన్నా ఎవరిదో తెలిసిపోతుంది. మనూళ్ళో గిన్నె పోదు, ఆలస్యమవుతుంది, అంతే. ఆ ముసలావిడ పింగాణీ గిన్నెకి పేరు లేదు. వాళ్ళమ్మ చేతి గుర్తు తప్ప దాని మీద ఏమీ లేదు. నాలుగు వారాలు ఆవిడ ఎలా పడుకుందో!

బిందుమాధవికి తన మీద తనకే ఒళ్ళు మండింది. చెప్పేవి శ్రీరంగనీతులు అన్నట్టుంది తన సంగతి. కాఫీ సంగతి మర్చిపోయి క్యారీకి ఫోను కలిపింది. మాటలన్నీ రికార్డవుతాయని తెలుసు. అయితే కానీ అనుకుంది.

"క్యారీ, నేను నీకు చెప్పింది ఇంగ్లండు పద్ధతి కాదు. మా ఊరి పద్ధతి. నేను ఇంగ్లండు ఎప్పుడూ చూడలేదు. తెనాలి అని, ఇండియాలో, నేనుండేది అక్కడ. తప్పు నాది."

క్యారీ గొంతు గట్టిగానే వచ్చింది. "అంటే ఈ నెల రోజులూ నేను ఇంగ్లండులో కూర్చుని మీ ఊరి కాపురం చేస్తున్నానా?"

"అవును" అంది బిందుమాధవి. ఇంకేం అంటుంది?

"నాలుగు పైలు పాడుచేశాను!"

"నాలుగా? రెండన్నావుగా."

"సిగ్గేసి రెండే చెప్పాను." ఏడుస్తోందో నవ్వుతోందో తెలీలేదు. "ఇప్పుడేం చెయ్యను?"

బిందుమాధవికి రేపల్లెలో వాళ్ళమ్మ గుర్తొచ్చింది. వాళ్ళమ్మ పిండివంట చేసేదాకా ఎవరి గిన్నే ఇంట్లో ఉంచేది కాదు. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదార పోసి ఆ పూటే పంపేసేది. ఈ సంగతి క్యారీకి చెప్పనే లేదు. తనకే ఎప్పుడూ తోచలేదు.

"ఇంట్లో పంచదార ఉందా?"

"ఉంది."

"అది గిన్నెలో పోసెయ్యి. మెట్టు మీద పెట్టకు. తలుపు తట్టు. జరిగింది జరిగినట్టు చెప్పు. తెనాలిలో ఒక తెలివిమాలిన మనిషి చెప్పిందని చెప్పు."

క్యారీ ఫోను కట్ చెయ్యకుండానే బయల్దేరింది. బిందుమాధవికి తలుపు చప్పుడు, గాలి హోరు, మళ్ళీ తలుపు మీద కొట్టిన చప్పుడు వినపడ్డాయి. ఆవిడ జన్మలో మొదటిసారి కదలకుండా నిలబడింది. ముసలి గొంతు ఏదో పొడిగా అంది. క్యారీ గబగబా చెప్పుకుపోయింది. మధ్యలో "టెనాలీ" అన్న మాట రెండుసార్లు వచ్చింది.

"పంచదారా?" అంది ముసలి గొంతు. "మా అమ్మ కూడా ఎవరింటికీ వట్టి చేతుల్తో వెళ్ళేది కాదు. బయట చలిగా ఉంది, లోపలికి రా. టీ పెడతాను" అంది.

కుర్చీ జరిపిన చప్పుడు కాగానే బిందుమాధవి ఫోను కట్ చేసింది. అంతకు మించి వినడం మర్యాద కాదు.

రిపోర్టులో కారణం అన్నచోట 'నా సొంత సలహా' అని రాసి, సంగతంతా దాపరికం లేకుండా కింద రాసి నాలుగున్నరకి పంపించేసింది. అయిదింటికి క్యారీ నుంచి మెసేజి వచ్చింది. డిసెంబరు దాకా టిక్కెట్ల మాట ఎత్తనని డేవ్‌కి చెప్పిందట. ఎమిలీకి అల్లిక నేర్పుతానని మిసెస్ హోల్ట్ అందట. ఆ వెనకే జగన్నాథరావు ఫోను.

"చెప్పినా వినరేంటండి మీరు? వాళ్ళు ఉండిపోతున్నారు కాబట్టి సరిపోయింది గానీ... పైవాళ్ళకి పంపాలి. సోమవారం చెప్తాను ఉంచుతారో తీసేస్తారో."

"అలాగేనండి" అంది బిందుమాధవి. భయం వేసింది. అయినా సెలవు అడిగింది, ఓ అరగంట.

స్టీలు గిన్నె తోమి, తుడిచి, పంచదార పోసుకుని సందు దాటింది. ఎనిమిది అడుగుల సందు. అనంతలక్ష్మి వరండాలో చాప మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.

"పిన్నిగారూ, మీ గిన్నెండి. రెండేళ్ళైపోయింది. ఏదైనా మంచిది చేసి ఇద్దామని..."

అనంతలక్ష్మి గిన్నె వంక చూడనే లేదు. "నాకు గిన్నెలు లేకనా అమ్మా? మీ ఇంటికి రావాలని ఎన్నిసార్లు అనుకున్నానో. వస్తే గిన్నె కోసం వచ్చిందనుకుంటావని రాలేదు. కూర్చో."

బిందుమాధవి కూర్చుంది. కళ్ళు తుడుచుకుని, తనూ ఒక గుప్పెడు చిక్కుడుకాయలు ముందుకి లాక్కుంది. కాయలన్నీ అయ్యేదాకా లేవలేదు. ఇంట్లో ఫోను రెండుసార్లు మోగింది.

వెళ్ళొస్తానని లేచేసరికి అనంతలక్ష్మి లోపలికి వెళ్ళింది. పంచదార డబ్బాలో పోసుకుని, అదే గిన్నెలో నాలుగు సున్నుండలు పెట్టి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది.

"పిన్నిగారూ, గిన్నె మీదే కదండీ!"

"అయితే మాత్రం? మళ్ళీ రెండేళ్ళు చెయ్యకు. ఖాళీదైనా సరే, రేపు తీసుకురా."