అగ్గిపుల్ల దోపిన స్వరం

1976 ఏప్రిల్ 18, ఆదివారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు మా ఇంట్లో హార్మోనియం మోగడం మొదలైంది. ఆ రోజుల్లో బాన్సువాడలో మనసు బాగాలేదంటే ఎవరూ జబ్బనుకునేవారు కాదు, తీరిక ఎక్కువైందనుకునేవారు. అలా అనుకోని మనిషి నాకు తెలిసి మా చిన్నాయన ఒక్కరే. హైస్కూల్లో సైన్స్ మాస్టారు, శనివారం భజనలో హార్మోనియం వాయించేదీ ఆయనే.

కొత్తగా కాపురానికొచ్చిన మా వదినకు గుండెదడ. దవాఖానలో పరీక్షలు చేసి ఏమీ లేదన్నారు. అయినా జబ్బు మనిషని మేము ఆమెను చీపురు కూడా ముట్టనివ్వలేదు. చివరికి నాయనమ్మ, "ఇగ ఒక్క నెల చూస్త. తగ్గకుంటే బిచ్కుందకు, తల్లిగారింటికి తోలుడే" అని తేల్చేసింది. వెళితే మళ్ళీ పిలుస్తారన్న నమ్మకం వదినకు లేదు. దడ రెట్టింపయింది.

చిన్నాయన బడి నుంచి, కొడితే ఒకే స్వరం పలికే శృతిదండం తెచ్చారు (ప్రధానోపాధ్యాయుణ్ణి అడిగే తెచ్చారు). దాని మీద 256 అని చెక్కి ఉంది, అంటే సెకనుకు అన్ని కంపనాలు. ఆ ఒక్క స్వరాన్నే ఆగకుండా వింటే చెదిరిన మనసు కుదురుకుంటుందని ఆయన నమ్మకం. దండం మోత త్వరగా ఆగిపోతుంది కనుక, భజన మండలి హార్మోనియం ఇంటికి తెచ్చి, అందులో దానికి సరిపోయే మెట్టు వెతికి, అది పైకి లేవకుండా అగ్గిపుల్ల దోపారు. ఇక తిత్తి కొట్టడానికి మనిషి కావాలి. పద్దెనిమిదేళ్ల పిల్లను, నేను దొరికాను. రోజూ ఇరవై నిమిషాలు అందరికీ ధ్యానం, నాకు భుజం నొప్పి. నాయనమ్మ కళ్ళు మూయగానే గురక పెట్టేది (చిన్నాయన దాన్నీ సత్ఫలితంగానే లెక్కేశారు). వదిన దడ మాత్రం తగ్గలేదు.

మే నెలలో ఒక ఉదయం చెయ్యి మార్చుకోవడానికి నేను ఆగాను. స్వరం జారి ఆగిపోయింది. వదిన కళ్ళు తెరిచింది.

"మామా, ఉత్తగ కూసుంటే నా గుండె సప్పుడే ఇనవడుతున్నది. గా తిత్తి నేను కొడ్త."

ఆయాసమొస్తే తనకు సంబంధం లేదంది నాయనమ్మ. చిన్నాయన హార్మోనియాన్ని వదిన ముందుకు జరిపారు. మొదట స్వరం వణికింది. అది వణకకూడదంటే చెయ్యి నిలకడగా ఆడాలి, చెయ్యి కుదరాలంటే ఊపిరి కుదరాలి. కాసేపటికి ఆ మోత ఎగుడుదిగుడు లేకుండా సాగింది. వదిన నుదుటి మీద చెమట ఆరింది.

చిన్నాయన నన్ను చూపిస్తూ, "నీ మందు ఇన్ని దినాలు దీనికి తాపిన బిడ్డా" అన్నారు.

"మరి 256 ఏమాయె?" అని నేను గుచ్చాను.

"గది లేకుంటే చెయ్యి వణుకుతున్నదని ఎట్ల ఎరుకయితది?" అని నవ్వారు. తన సిద్ధాంతం తప్పినందుకు అంత సంతోషపడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

మర్నాడు నేను దర్జాగా ధ్యానానికి కూర్చుని, నాయనమ్మ కంటే ముందే గురక పెట్టానట. ఈ వయసులో నిద్ర పట్టక మాత్రలు మింగుతూ, పద్దెనిమిదేళ్ల నాటి నన్ను తలుచుకుని కుళ్ళుకుంటాను.

ఆ వేసవిలో పోయినవి: భజన మండలికి హార్మోనియం (అది వదిన దగ్గరే ఉండిపోయింది), నాయనమ్మకు పంతం, నాకు తిత్తి కొట్టే ఉద్యోగం, వదినకు గుండెదడ.