పది లక్షల మూడు

మా బెల్లం గానుగ దగ్గర పొయ్యి మండించే మావ మొన్న బుధవారం పొద్దున్న పోయాడు. చెరకు పిప్పి దోపుతూ దోపుతూ పొయ్యి పక్కనే ఒరిగిపోయాడు. పెనంలో పాకం మాడకూడదని ఆసామి ముందు ఇంకొకణ్ణి పొయ్యికి పెట్టి, ఆ తరవాతే శవాన్ని తీయించాడు. ఈ మాట దాచిపెట్టి మావని పొగడడం నాకు చేతకాదు.

చోడవరం బెల్లం తిన్నవాళ్లెవరూ ఆయన్ని ఎరగరు. నాకూ చుట్టం కాడు. నేను గానుగలో చెరకు పెట్టే కూలీని. ఇద్దరం బడి మొహం సరిగ్గా చూడలేదు. నాకు భాగారం నేర్పింది ఆయనే, బొగ్గుముక్కతో, పాక గోడ మీద.

ఈ సీజనంతా ఆయనకి ఒకటే ధ్యాస. పది లక్షలు దాటాక, ఒకటికీ తనకీ తప్ప ఇంక దేనికీ లొంగని మొదటి సంఖ్య ఏది? పుస్తకాల్లో ప్రధాన సంఖ్య అంటారు. ఆయన మొండోడు అనేవాడు. పది లక్షల ఒకటి నూటొకటికి లొంగిపోయింది. పది లక్షల రెండు సరిసంఖ్య. పది లక్షల మూడు దగ్గర ఆగాడు. ఒక్కో పెనం వంటకి ఒక భాగారం చొప్పున, పాకం పొంగేలోపు తేల్చేసేవాడు. వెయ్యి లోపు మొండోళ్లతో చూస్తే చాలన్నాడు. ఎందుకని అడిగాను.

"రెండంకెలు గుణిస్తే ఇది రావాల. రెండూ వెయ్యి దాటితే దీన్ని మించిపోద్ది కదరా. ఒకడు లోపలే దాక్కుంటాడు. ఆణ్ణి ఎతుకు."

రెండు వందల తొంభై మూడు నా వంతుకి వచ్చింది. శేషం లేకుండా తెగింది. పాకంతా వినబడేలా అరిచాను. ఆయన దగ్గుకుంటూ వచ్చి చూశాడు. మొదటి మెట్టులో రాసిన 879లో తొమ్మిది కళ్లలో ఉండిపోయి, చివర మూడు దించాల్సిన చోట తొమ్మిది దించాను.

"భాగారం బాగానే సేసేవురా అల్లుడా. గానీ నువ్వు ఇరిసింది పది లక్షల తొమ్మిది నడుం. ఆడు నిన్నేటి సేసేడు?"

ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది. నోటికి అడ్డం పెట్టుకున్న తువ్వాలు ఎర్రబడింది. పెద్దాసుపత్రికి పోదాం అన్నాను. సీజను అయ్యాక పొమ్మన్నాడు ఆసామి. మొండోళ్లు ఇంకా సగం పైనే మిగిలేరు, ఇప్పుడెలా వదిలేదన్నాడు మావ. ఇద్దరి మీదా కోపం వచ్చింది. అది ఇప్పటికీ తగ్గలేదు.

తొమ్మిది వందల ఎనభై మూడు దాకా ఏదీ తెగలేదు. ఇంక ఇద్దరే మిగిలారు. అప్పుడొచ్చింది ఆ బుధవారం.

పాకకి మైల అంటిందని మధ్యాహ్నానికల్లా ఆసామి గోడలన్నీ పేడతో అలికించాడు. సీజను చేసిన లెక్కంతా పేడ కిందకి పోయింది. తడి గోడకి బొగ్గు పట్టలేదు. వేలితో గీశాను. తొమ్మిది వందల తొంభై ఒకటితో భాగిస్తే ఎనభై నాలుగు మిగిలింది. ఇంక ఆఖరివాడు, తొమ్మిది వందల తొంభై ఏడు. వెనక నుంచి ఆసామి, చెరకు పెట్టరా అని కేకలేస్తున్నాడు. నేను కదల్లేదు. ఈసారి మూడే దించాను.

పన్నెండు మిగిలింది. పది లక్షల మూడు మొండోడే. పొయ్యి సెగకి ఆ అంకె అంచుల నుంచి మెల్లగా ఎండడం మొదలుపెట్టింది.