వీధి పేరుతో పిలిచే గౌరమ్మప్ప

తెల్లారకముందే కార్పొరేషన్ జోన్ ఆఫీసు ముందు బ్లీచింగ్ పొడి బస్తా విప్పుతారు. ఆ ఘాటు నేరుగా గొంతులోకి దిగుతుంది. దగ్గుకుంటూ హాజరు యంత్రం ముందు వరసలో నిలబడతాను. ఇన్నేళ్ల పని తర్వాత కాళ్లు నిలబడనంటున్నాయి. అలాంటప్పుడే గౌరమ్మప్ప గుర్తొస్తుంది.

స్టీలు ప్లాంటు దారిలో ఉన్న మా ఊరు అప్పట్లో విడిగా ఒక మునిసిపాలిటీ. వీధులు ఊడ్చే మా ఆడవాళ్లకి గౌరమ్మప్ప మేస్త్రి. అప్ప అంటే మా వైపు అక్క. హాజరు పిలిచేటప్పుడు ఆమె మనిషి పేరు పిలిచేది కాదు, వీధి పేరు పిలిచేది. "పాత బస్టాండు వీధి" అంటే నేను పలకాలి. "నీ పేరుతో ఊరికేటి పనే? వీధి సుబ్బరంగుందా నేదా, అదీ నాక్కావాలి" అనేది. కొత్తలో నాకు ఒళ్లు మండేది. పోనుపోను ఆ వీధి నిజంగానే నాదైపోయింది. ఊడ్చినంతసేపూ నా చంటిదాన్ని కిరాణా కొట్టు ఫాతిమాగారి అరుగు మీద పడుకోబెట్టేదాన్ని. ఏడిస్తే ఆవిడే పాలు పట్టేది.

తర్వాత మా ఊరిని విశాఖ నగరంలో కలిపేశారు. మాలో ఒకరు ఇకనుంచి నగరానికి ఆ చివరనున్న మధురవాడలో పనికి వెళ్లాలన్నారు. నా పేరే వచ్చింది. చీకటితో లేచి, రెండు బస్సులు మారి, చంకలో బిడ్డతో ఎలా వెళ్లను? పని మానేద్దామనుకున్నాను. మానేస్తే తినేదేమిటి?

గౌరమ్మప్ప నన్ను వెంటబెట్టుకుని కొత్త ఆఫీసరు దగ్గరికి నడిచింది.

"దీని బదులు నాను ఎల్తాను బాబూ."

"అక్కడ మేస్త్రి ఉన్నాడమ్మా. వెళ్తే నువ్వు చీపురు పట్టాలి" అన్నాడాయన.

"పడతాను. మేస్త్రినవకముందు పట్టిందదేగా."

బయటికొచ్చి నేను ఏడిస్తే కసిరింది. "ఊరుకోయే. ఆ అరుగుని మధురవాడ మోసుకెల్తావేటి?"

రిటైరయ్యేదాకా ఆమె అక్కడ చీపురుతోనే ఉండిపోయింది. ఆ తర్వాత ఒకసారి మోకాళ్లు పట్టుకుంటూ మా మెట్లెక్కింది. కాలేజీకి తయారవుతున్న నా కూతురు "ఎవరమ్మా ఈ మామ్మ?" అంది. నేను నోరు తెరిచేలోపే గౌరమ్మప్ప అందుకుంది. "మీ అమ్మతో పనిసేసినదాన్నమ్మా." వెళ్తూ వెళ్తూ నా చెయ్యి పట్టుకుంది. "మధురవాడ సంగతి దానికి సెప్పకు. సదూకునే పిల్ల. ఈ రునం దాని నెత్తినెట్టకు." సరేనన్నాను.

ఆమె పోయి కొన్నేళ్లయింది. నా కూతురిప్పుడు సీతమ్మధారలో ఒక ఆసుపత్రిలో నర్సు. అలిసిపోయి వచ్చిన రోజున, "నా కోసం ఎవరు ఏం చేశారమ్మా? అన్నీ నేనే చేసుకున్నాను" అంటుంది. నాలుక చివరిదాకా వచ్చిన పేరు మింగేసి, దానికి అన్నం వడ్డిస్తాను.