గంటె కంటే ముందు కొబ్బరి పీచు

కామేశ్వరమ్మ గారు పరమపదించారన్న వార్త అందినప్పుడు నేను ఆవిడ షెడ్డులోనే, కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతున్నాను. దుఃఖం వెనకాలే, సంతాపసభ నాడు, కోపమూ వచ్చింది. అది ఇంకా చల్లారలేదు కనుక, ఈ నివాళిలో మాధుర్యం వెతికేవారు ఇక్కడితో ఆగిపోవచ్చు.

రాజమండ్రి పెద్దాసుపత్రికి ఎదురుగా ఒక రేకుల షెడ్డులో, రోగుల వెంట వచ్చినవారికి ఆమె ప్రతి మధ్యాహ్నం అన్నం పెట్టేవారు. ఊళ్ళో ప్లీడర్లనూ, మాస్టర్లనూ, గృహిణులనూ ఆ పనిలోకి దింపిన దిట్ట. అయితే ఒక నియమం. వడ్డించాలనుకున్నవారు ముందు గుండిగ తోమాలి.

మన ఊరికి దాతల కొదవ లేదు. అందరికీ తండ్రిగారి తద్దినమో, కార్తీక సోమవారమో కావాలి. వానపడే మామూలు మంగళవారం ఎవరికీ అక్కరలేదు. ఒక మిల్లు యజమాని బియ్యం బస్తాలతో, ఫొటోగ్రాఫరుతో దిగి నేరుగా గంటె అందుకోబోయారు. కామేశ్వరమ్మ గారు ఆయన చేతిలో కొబ్బరి పీచు పెట్టారు.

"ఇదేంటండీ? నేను దాతనండీ!"

"బియ్యం ఇచ్చారు, సంతోషమండి. వడ్డించాలంటే మాత్రం చేతికి మసి అంటాలండి. అదిగో గుండిగ."

ఆయన కారెక్కారు. బస్తాలూ వెనక్కి వెళ్ళాయి. నేను ఆవిడ మీద మండిపడ్డాను.

"బస్తా ఎవరైనా ఇస్తారు మాస్టారూ. నాకు రేపు కూడా వచ్చే మనిషి కావాలి," అన్నారావిడ.

మొండిమనిషి. నోరు మహా కటువు. నన్ను ఏనాడూ మెచ్చుకున్న పాపాన పోలేదు. అయినా ఒకసారి పీచు పట్టినవాళ్ళం మళ్ళీ మళ్ళీ వెళ్ళాం.

మొన్న సంతాపసభకు ఆ మిల్లు యజమానే అధ్యక్షుడు. నిలువెత్తు చిత్రపటం, గజమాల. "కరుణామయి, త్యాగమూర్తి, మృదుభాషిణి" అన్నారు. మృదుభాషిణట! వింటే చేట తిరగేసేవారు. కంచు విగ్రహం ప్రతిష్ఠిస్తామంటే చప్పట్లు మారుమోగాయి. ఆవిడ తయారుచేసిన మేమందరం ముందు వరుసల్లో కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్నాం.

అంతలో గుమ్మం దగ్గర ఒకామె ఖాళీ క్యారేజీతో వచ్చి నిలబడింది. పట్టిసీమ నుంచి భర్తను ఆసుపత్రికి తెచ్చుకున్న మనిషి.

"షెడ్డు తాళమేసుందండి. అమ్మగారి వాళ్ళందరూ ఇక్కడున్నారన్నారండి. ఈ పూట అన్నం లేదేంటండి?"

తుపానుకు, వరదకు ఆరని పొయ్యి ఆవిడను కీర్తించడానికి ఆరింది. వంటవాళ్ళూ, వడ్డించేవాళ్ళూ అందరూ సభలోనే ఉన్నారు. సిగ్గుతో తల వాలిపోయింది. అధ్యక్షులవారు మాత్రం గొంతు సవరించుకుని ఉపన్యాసం కొనసాగించారు.

ఆ ఇల్లాలిని వెంటబెట్టుకుని బయటికి నడిచాను. నాతో ముగ్గురో నలుగురో లేచారు.

కామేశ్వరమ్మ గారూ, మీ పటానికి దండ వెయ్యకుండానే వచ్చేశాను. గుండిగ తోమి ఎసరు పెట్టాను. ఆ పూట అన్నం బాగా ఆలస్యమైంది. ఆకలితో కూర్చున్నవాళ్ళు మమ్మల్ని పల్లెత్తు మాటనలేదు. తిట్టడానికి మీరు లేరు. తీరని లోటంటే అదేనండీ.